పిల్లాడి చేతులు కొలిచారు సరే, మీవారి సంగతేమిటి?

పేరు వేయొద్దన్న ఒక తల్లి చాలా వివరంగా ఉత్తరం రాశారు. సారాంశం ఇది. ఆమె కొడుక్కి 15 ఏళ్లు, పొడవు 181 సెంటీమీటర్లు. ఏడాదిన్నరలో ఒక్కసారిగా ఎదిగాడు. సన్నటి ఒళ్లు, పొడుగాటి చేతులు, వేళ్లు. రొమ్ము ఎముక కింద గుంటలా లోపలికి పోయి ఉంటుంది. పాదాలు చదును. కళ్లజోడు పవర్ మైనస్ 4.5, రెండేళ్లలో మూడుసార్లు మార్చారు. ఈమధ్య నడుము మీద అడ్డంగా ఎర్రటి చారలు కనిపించాయి. ఒక వీడియో చూసి ఆవిడ పిల్లాడి చేత పరీక్షలు చేయించారు. పిడికిలి బిగిస్తే బొటనవేలి గోరు అవతలి నుంచి బయటికొచ్చింది. మణికట్టు పట్టుకుంటే బొటనవేలు చిటికెన వేలి గోరంతా కప్పేసి ఇంకా మిగిలింది. చేతులు చాపి టేపు పెడితే 189 సెంటీమీటర్లు. వీడియోలో ఈ జబ్బును మార్ఫన్ సిండ్రోమ్ అన్నారట. ఆ రాత్రి నుంచి ఆవిడకు నిద్ర లేదు.

భర్త వయసు 44. ఆయనా పొడగరే, చిన్నప్పటి నుంచి కళ్లజోడు. ఆయన తమ్ముడు ఆరేళ్ల కిందట 34 ఏళ్లకే హఠాత్తుగా పోయాడు. హార్ట్ ఎటాక్ అన్నారు. ఆ మరిదికి ఓ కూతురు ఉంది. పిల్లాణ్ణి డాక్టరుకు చూపిద్దామంటే భర్త "నా కొడుకుని రోగిని చెయ్యకు" అని గొంతు పెంచారు. అత్తగారు "మా వంశంలో అందరూ పొడుగే" అని తేల్చేశారు. ఈలోగా బళ్లో పీఈటీ మాస్టారు పిల్లాణ్ణి వాలీబాల్ జట్టులోకి తీసుకున్నారు, వచ్చే నెల పోటీలు. పదకొండేళ్ల కూతురు ఒళ్లు ఎటు వంచితే అటు వంగుతుంది, దానికీ ఇదేనా అని ఇంకో భయం. ఆవిడ అడిగినవి మూడు: ఇవన్నీ ఆ జబ్బు గుర్తులేనా? భర్తకు చెప్పకుండా పిల్లాణ్ణి తీసుకెళ్లవచ్చా? ఆట మాన్పించాలా?

*

మీరు ఇంట్లో చేసిన పరీక్షలతోనే మొదలుపెడతాను. వాటిలో కొన్ని సరిగ్గా చేశారు, కొన్నింటికి ఇంకాస్త జాగ్రత్త కావాలి.

బొటనవేలి పరీక్షలో గోరు కనబడితే చాలదు. బొటనవేలిని అరచేతికి అడ్డంగా పెట్టి, నాలుగు వేళ్లూ దాని మీద ముడవాలి. అప్పుడు బొటనవేలి చివరి కణుపు మొత్తం, అంటే పై కీలు దగ్గర్నుంచి కొస దాకా, చిటికెన వేలి వైపు అరచేతి అంచు దాటి బయటికి రావాలి. రెండో చేత్తో కాస్త నెట్టినా ఫరవాలేదు. "గోరు బయటికొచ్చింది" అన్నారు గానీ కీలు కూడా దాటిందో లేదో మీ ఉత్తరంలో తేలలేదు. గోరు కొస వరకే అయితే అది మామూలు పిల్లల్లో కూడా చాలామందికి వస్తుంది. మణికట్టు పరీక్ష మాత్రం మీరు చెప్పినదాన్ని బట్టి ఉన్నట్టే.

చేతుల కొలత దగ్గర ఒక్క సెంటీమీటరే తేడా తెస్తోంది. చాపిన చేతుల వెడల్పును ఎత్తుతో భాగిస్తే 1.05 దాటాలి. మీవాడికి 189ని 181తో భాగిస్తే 1.044. గీత దాటాలంటే 190కి పైన ఉండాలి. మీరు టేపును వీపు మీదుగా పోనిచ్చి కొలిస్తే ఒంపుల వల్ల ఎక్కువ చూపిస్తుంది. మోచేతులు పూర్తిగా చాచకపోతే తక్కువ చూపిస్తుంది. గోడకు వీపు ఆనించి, చెప్పుల్లేకుండా నిలబెట్టి, చేతులు భుజాల ఎత్తులో చాపించి, రెండు మధ్యవేళ్ల కొసల దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ గీతల మధ్య దూరం కొలవాలి. కొలుస్తూనే మోచేతులు తిన్నగా చాచగలుగుతున్నాడో లేదో చూడండి. పూర్తిగా చాచలేకపోవడం కూడా లెక్కలోకి వచ్చే గుర్తే. అలాగే ముందుకు వంగమని వెనక నుంచి చూస్తే వీపు ఒక పక్క ఎత్తుగా లేస్తోందా తెలుస్తుంది. వెన్ను పక్కకు తిరిగి ఉంటే ఎత్తు తగ్గి, చేతుల లెక్క పైకి జరుగుతుంది.

డాక్టర్లు ఈ గుర్తుల్ని మార్కులు వేసి కూడతారు. 2010లో సవరించిన ఘెంట్ ప్రమాణాల ప్రకారం మొత్తం 20 మార్కులు, 7 వస్తే శరీరమంతటా జబ్బు ఆనవాళ్లు ఉన్నట్టు లెక్క. బొటనవేలు, మణికట్టు రెండూ ఉంటే 3. రెంటిలో ఒక్కటే ఉంటే 1. రొమ్ము ఎముక ముందుకు పొడుచుకొస్తే 2, మీవాడిలా లోపలికి పోతే 1. మామూలు చదును పాదానికి 1. మడమే పక్కకు ఒరిగిపోయి పాదం బయటికి తిరిగితే 2. మైనస్ పవర్ 3 దాటితే 1. చారలకు 1, అయితే ఉన్నట్టుండి ఒళ్లు చేసిన వాళ్లకు వచ్చేవి లెక్కలోకి రావు. గబగబా పొడవు పెరిగే మగపిల్లలకు సరిగ్గా నడుము మీదే అడ్డ చారలు రావడం మామూలే కనుక, దీని మీద నేను పెద్దగా బరువు పెట్టను.

ఈ లెక్కన మీ అబ్బాయికి గట్టిగా పట్టుకుంటే 4, ఉదారంగా వేస్తే 8. మధ్యలో ఉన్న 7 దాటాడో లేదో బొటనవేలి కీలు మీదా, మడమ వాలు మీదా ఆధారపడి ఉంది. ఇంటి హాల్లో తేలే వ్యవహారం కాదని చెప్పడానికే ఇంత వివరంగా రాశాను. పైగా 7 దాటినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, 4 దగ్గర ఆగినంత మాత్రాన లేనట్టూ కాదు.

ఎందుకంటే ప్రాణం మీదికి తెచ్చేది పైకి కనబడదు. ఒంట్లో కండరాన్నీ ఎముకనూ చర్మాన్నీ రక్తనాళాన్నీ పట్టి ఉంచే సంయోజక కణజాలంలో ఫైబ్రిలిన్-1 అనే ప్రొటీన్ దారాలు ఉంటాయి. ఆ ప్రొటీన్ తయారీ సూచన 15వ క్రోమోజోమ్ మీద ఎఫ్‌బీఎన్1 అనే జన్యువులో ఉంది. అందులో లోపం ఉంటే ఎముకలు అతిగా పొడవు సాగుతాయి. కంట్లో లెన్స్‌ను పట్టి ఉంచే సన్నటి పోగులు వదులవుతాయి. గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని మొదట్లో గోడ సాగి, పాతబడిన సైకిల్ ట్యూబు ఒకచోట బుడగ కట్టినట్టు ఉబ్బుతుంది. వేళ్లు ఎంత పొడుగుంటే ధమని అంత ఉబ్బుతుందన్న లెక్కేమీ లేదు. ఒకే ఇంట్లో ఒకే లోపం ఉన్న ఇద్దరిలో ఒకరికి ఒళ్లంతా గుర్తులే, ధమని మామూలు. ఇంకొకరు చూడ్డానికి మామూలు మనిషి, ధమని ప్రమాదపు గీత దగ్గర.

కాబట్టి వేళ్లు కొలవడం ఇక ఆపేయండి. మీకు కావలసినవి రెండు పరీక్షలు, రెండూ సూది గుచ్చనివే. మొదటిది ఎకో, అంటే అల్ట్రాసౌండ్‌తో గుండెను చూసే పరీక్ష. దీన్ని మామూలుగా చేయిస్తే రిపోర్టులో "గుండె పంపింగ్ బాగుంది, 60 శాతం" అని రాసి పంపించేస్తారు. అది మీకు అక్కర్లేని జవాబు. చీటీ మీద "మార్ఫన్ అనుమానం, బృహద్ధమని మొదలు సైనస్ ఆఫ్ వల్సాల్వా దగ్గర కొలవాలి, జడ్-స్కోర్ ఇవ్వాలి" అని డాక్టరుతో రాయించుకోండి. సైనస్ ఆఫ్ వల్సాల్వా అంటే ధమని గుండె నుంచి బయల్దేరే చోటే. ఎదిగే పిల్లల్లో 34 మిల్లీమీటర్లు అన్న అంకె ఒక్కటే చూస్తే ఏమీ అర్థం కాదు. అదే అంకె ఒకరికి మామూలు, ఇంకొకరికి ఎక్కువ. ఆ ఎత్తూ బరువూ ఉన్నవాళ్ల సగటు కంటే ధమని ఎంత ఎక్కువ వెడల్పుందో లెక్కగట్టిందే జడ్-స్కోర్. 2 వరకు మామూలు కిందే లెక్క. ఎకో చేసేవాళ్లు ఆరోజు ఎత్తు, బరువు కొలిచి రాసుకున్నారో లేదో గమనించండి. అవి తప్పయితే స్కోరూ తప్పే. ఆ పరీక్షలోనే గుండె లోపలి మైట్రల్ కవాటం వెనక్కి జారుతోందా అన్నది కూడా తేలుతుంది, దానికీ 1 మార్కు ఉంది.

రెండోది కంటి పరీక్ష. మీరు కళ్లజోడు దుకాణంలో కంప్యూటర్ మీద చూపించినట్టు రాశారు. అది పవర్ చెబుతుందే తప్ప లెన్స్ జరిగిందో లేదో చెప్పదు. కంటి డాక్టరు చుక్కలు వేసి, కంటిపాప బాగా పెద్దదయ్యాక స్లిట్ ల్యాంప్ అనే కంటి సూక్ష్మదర్శినితో చూడాలి. మార్ఫన్‌లో లెన్స్ ఎక్కువగా పైకి, పక్కకి జరుగుతుంది. సుమారు పది మందిలో ఆరుగురికి ఇది ఉంటుంది. జబ్బు తేల్చడంలో దీనికున్న బలం మరే బయటి గుర్తుకూ లేదు. రెండేళ్లలో మూడుసార్లు పవర్ మారడం ఎదిగే వయసులో మామూలు కావచ్చు. కొత్త జోడు పెట్టినా చివరి వరుస అక్షరాలు చదవలేకపోతున్నాడా, సిలిండర్ పవర్ పెరుగుతోందా అన్నవి డాక్టరుకు చెప్పాల్సిన వివరాలు.

లెన్స్ కిందికి జరిగిందంటే మాత్రం కథ వేరు. హోమోసిస్టినూరియా అని ఇంకో వంశపారంపర్య జబ్బు ఉంది. అందులోనూ మనిషి పొడుగ్గా, సన్నగా ఇలాగే ఉంటాడు గానీ రక్తం గడ్డలు కట్టే ముప్పు ఉంటుంది, చదువులో వెనకబడవచ్చు. రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం ఎంతుందో చూస్తే తెలుస్తుంది. కొందరికి బి6 విటమిన్‌తోనే అదుపులోకి వస్తుంది. అందుకే దీన్ని వదిలేయకూడదు. పిల్లాడి నోట్లో టార్చి వేసి కొండనాలుక చూడండి. అది రెండుగా చీలి ఉన్నా, కళ్ల మధ్య దూరం మరీ ఎక్కువగా ఉన్నా డాక్టరుకు చెప్పండి, అవి లోయిస్-డైట్జ్ అనే జబ్బు వైపు చూపిస్తాయి. దానిలో ధమనులు చిన్న వయసులోనే, ఇంకా తక్కువ ఉబ్బు దగ్గరే చీలే ప్రమాదం ఉంది కనుక వైద్యం లెక్కలు మారతాయి. ఇవేవీ కాక ఉత్త పొడగరి పిల్లాడు కావడానికీ అవకాశం బాగానే ఉంది. అది మర్చిపోవద్దు.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన చోటికి వస్తాను. పిల్లాడి గురించి పేజీలకు పేజీలు రాశారు. మీవారి గురించి రెండే వాక్యాలు. పొడగరి, చిన్నప్పటి నుంచి కళ్లజోడు, తమ్ముడు 34 ఏళ్లకు హఠాత్తుగా పోయాడు. ఈ జబ్బు తరం వదిలి తరానికి దూకదు. లోపమున్న జన్యువు ఒక్కటి వస్తే చాలు, ఏదో రూపంలో బయటపడుతుంది. అంటే మీ మరిదికి నిజంగా ఇదే ఉండి, మీ అబ్బాయికీ ఆ ఇంటి నుంచే వచ్చి ఉంటే, మధ్యలో ఉన్న మీవారికి ఉండి తీరాలి. అప్పుడు మీ ఇంట్లో ముందుగా ప్రమాదం అంచున ఉన్నది 15 ఏళ్ల కుర్రాడు కాదు, 44 ఏళ్లొచ్చినా ఒక్కసారీ ఎకో చేయించుకోని ఆయన. ఆయనకు అన్నీ మామూలుగా ఉంటే తమ్ముడి మరణానికీ పిల్లాడి వేళ్లకూ ముడి దాదాపు తెగిపోతుంది. పిల్లాడి పరీక్షలు మాత్రం ఆపకూడదు, ఎందుకంటే పాతికశాతం కేసుల్లో తల్లిదండ్రుల్లో ఎవరికీ లేకుండా కొత్తగా పుట్టుకొస్తుంది.

మీ మరిదిది హార్ట్ ఎటాకో కాదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు గానీ, ఆధారాలు వెతకవచ్చు. బృహద్ధమని చీలితే నొప్పి ఒక్కసారిగా, మొదటి క్షణంలోనే భరించలేనంతగా వస్తుంది. రొమ్ములోంచి వీపులోకి, రెక్కల మధ్యకు పాకుతుంది. ఈసీజీ మామూలుగా ఉండవచ్చు. ఆరోజు ఆయన వీపు నొప్పి అన్నాడా, ఆసుపత్రిలో ఛాతీ ఎక్స్‌రే తీశారా, ఎకో చేశారా, ఆ కాగితాలు ఎక్కడున్నాయి? ఇవి మీ అత్తగారిని అడిగితే పాత గాయం రేగుతుందే తప్ప పని జరగదనిపిస్తోంది. అడగాల్సింది మీ తోటికోడలిని. కాగితాలు ఆవిడ దగ్గరే ఉండాలి. అంతకంటే ముఖ్యం, ఆవిడ కూతురు. మరిదికి ఇది ఉండి ఉంటే ఆ పాపకు రావడానికి సగం అవకాశం ఉంది. ఈ విషయం ఆవిడకు చెప్పేవాళ్లు మీరు తప్ప ఇంకెవరూ లేరు.

1986 జనవరిలో అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ జపాన్‌లో ఒక మ్యాచ్ మధ్యలో బెంచీ మీద కూర్చుని ఉండగా కూలిపోయి చనిపోయారు. 6 అడుగుల 5 అంగుళాల మనిషి, వయసు 31, అంతకు రెండేళ్ల ముందే ఒలింపిక్ రజతం గెలిచారు. మొదట గుండెపోటే అన్నారు. శవపరీక్షలో మార్ఫన్ వల్ల ధమని చీలిందని తేలింది. ఆ తర్వాత ఆమె సోదరుణ్ణి పరీక్షిస్తే అతనికీ ఉందని బయటపడి, సమయానికి ఆపరేషన్ జరిగింది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. మీవారితో మాట్లాడేటప్పుడు ఈ రెండో సగం పనికొస్తుంది.

ఇక మీరు ఎటు వెళ్లవచ్చో చూద్దాం.

మీవారికి చెప్పకుండా పిల్లాణ్ణి తీసుకెళ్లడం మీ మొదటి ఆలోచన. పరీక్ష జరిగిపోతుంది, ఆ మేరకు లాభమే. కానీ డాక్టరు అడిగే మొదటి ప్రశ్నే "తండ్రి ఎత్తెంత, తండ్రి వైపు ఎవరైనా చిన్న వయసులో పోయారా" అని. రెండో మాట "ఆయన్ని కూడా తీసుకురండి" అని. రహస్యం అక్కడికే చెల్లుతుంది. 15 ఏళ్ల కుర్రాడి నెత్తిన "నాన్నకు చెప్పకు" అనే బరువు కూడా పడుతుంది. ఒకవేళ ఏదైనా తేలితే మీవారికి ఒకేసారి రెండు దెబ్బలు. అప్పుడు ఆయన కోపమంతా రెండోదాని మీదికి మళ్లి, అసలు విషయం వెనకబడుతుంది.

మీవారినే ముందు పరీక్షకు ఒప్పించడం రెండో దారి. నాకు ఇది మెరుగనిపిస్తుంది. కారణం వైద్యపరమైనది కూడా. తండ్రికి జబ్బు ఉన్నట్టు రూఢి అయితే పిల్లాడి విషయంలో తేల్చడం చాలా తేలికవుతుంది: అప్పుడు లెన్స్ జరగడం ఒక్కటి చాలు, లేదా 7 మార్కులు చాలు, లేదా ధమని జడ్-స్కోర్ 3 చాలు. ఇప్పుడున్న స్థితిలో మీ మరిది మరణం ఈ లెక్కలోకి రాదు, ఎందుకంటే ఆయనకు జబ్బు నిర్ధారణ కాలేదు. "నా కొడుకుని రోగిని చెయ్యకు" అన్న మనిషితో కొడుకు గురించి మళ్లీ వాదించకండి. "మీ తమ్ముడికి అలా అయింది కదా, మీరొకసారి ఎకో చేయించుకుంటే నాకు నిద్ర పడుతుంది" అనండి. చిన్న వయసులో తోబుట్టువు హఠాత్తుగా పోతే మిగతావాళ్లు గుండె చూపించుకోవాలన్నది ఏ డాక్టరైనా చెప్పే మాటే, దానికి మార్ఫన్ పేరు కూడా అక్కర్లేదు. ఈ దారిలో ఉన్న చిక్కు ఆలస్యం. ఆయన వచ్చే వారం, వచ్చే నెల అంటూ పోతే పిల్లాడి పని ఆగిపోతుంది. కాబట్టి మీ మనసులో ఒక గడువు పెట్టుకోండి. రెండు మూడు వారాలు చాలు. అది దాటితే పిల్లాణ్ణి తీసుకువెళ్తున్నానని ఆయనకు చెప్పి వెళ్లండి. అనుమతి అడగడం వేరు, చెప్పి వెళ్లడం వేరు.

నేరుగా జన్యు పరీక్ష చేయిస్తే ఒక్క దెబ్బతో తేలిపోతుందని చాలామంది అనుకుంటారు. తేలవచ్చు, తేలకపోనూ వచ్చు. జవాబు మూడు రకాలుగా వస్తుంది: జబ్బు కలిగించే మార్పు దొరికింది, ఏమీ దొరకలేదు, మార్పు ఉంది కానీ దాని అర్థం ఇంకా తెలియదు. ఈ మూడోది ఇంటిల్లిపాదికీ ఏళ్ల తరబడి నిద్ర లేకుండా చేస్తుంది. రెండోది కూడా పూర్తి హామీ కాదు, మార్పు పరీక్షకు దొరకని చోట ఉండవచ్చు, వేరే జన్యువులో ఉండవచ్చు. ఎకో, కంటి పరీక్ష అయ్యాక, ఇంట్లో అందరికంటే స్పష్టంగా గుర్తులున్న మనిషికి ముందు చేయించి, అక్కడ మార్పు దొరికితే మిగతావాళ్లకు ఆ ఒక్క మార్పు ఉందా లేదా అని చూడడం సరైన వరుస. అప్పుడు లేదంటే నిజంగా లేనట్టే. మీ కూతురికి, తోటికోడలి కూతురికి ఏళ్ల తరబడి ఎకోలు తప్పుతాయి. రక్తం ఇవ్వకముందే జన్యు సలహాదారుతో కూర్చుని మాట్లాడండి.

పూర్తిగా ఎదిగాక చూద్దామని ఆగడం చివరి దారి. ఇందులో నాకు ఏ లాభమూ కనబడడం లేదు. ఎముకలు సాగే వయసులోనే ధమని కూడా వేగంగా పెరుగుతుంది.

పరీక్షల్లో ఏమి తేలినా ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి, మీవారి భయానికి సగం మందు అదే. అన్నీ మామూలుగా ఉంటే, గుర్తులు ఇన్ని ఉన్నాయి కాబట్టి 20 ఏళ్లు దాటే వరకు అప్పుడప్పుడూ ఎకో చేయించమంటారు. ధమని ఉబ్బి ఉంటే బీటా బ్లాకర్ గానీ, లోసార్టన్ రకం మందు గానీ, ఒక్కోసారి రెండూ గానీ ఇస్తారు, రెండూ రక్తపోటు తగ్గించే మందులే. ఉబ్బు పెరిగే వేగాన్ని ఇవి తగ్గిస్తాయి. ఆస్తమా ఉన్నవాళ్లకు బీటా బ్లాకర్ పడకపోవచ్చు, ఉంటే ముందే చెప్పాలి. మొదటి ఎకో తర్వాత ఆరు నెలలకు ఇంకోటి, అప్పటికి నిలకడగా ఉంటే ఏడాదికోసారి. పెద్దవాళ్లలో ధమని వెడల్పు 50 మిల్లీమీటర్లకు వస్తే ఆపరేషన్ చేస్తారు. ఇంట్లో ఎవరికైనా ధమని చీలిన చరిత్ర ఉంటే, ఏడాదిలో గబగబా పెరుగుతుంటే 45 దగ్గరే ఆలోచిస్తారు. ముందుగా అనుకుని చేసే ఆపరేషన్‌కూ, చీలాక అర్ధరాత్రి చేసేదానికీ పోలికే లేదు. 1972లో లెక్క చూసినప్పుడు ఈ జబ్బున్నవాళ్ల సగటు ఆయుష్షు 32 ఏళ్లు. 1990ల నాటికే అది 70 దాటింది. ఆ తేడా చాలావరకు ముందుగా కనిపెట్టడం వల్ల, మందుల వల్ల, సమయానికి చేసిన ఆపరేషన్ల వల్ల వచ్చింది.

ఆట సంగతి. ఎకో అయ్యేదాకా పోటీలు వద్దు. శాశ్వతంగా మాన్పించమని కాదు, ఒక్క రిపోర్టు వచ్చేదాకా. మాస్టారికి "గుండె పరీక్ష ఒకటి రాశారు, అయ్యాక చెబుతాం" అంటే చాలు. పిల్లాడికి మాత్రం అబద్ధం చెప్పకండి, బొటనవేలి పరీక్షలు చేయించింది మీరే, వాడు ఈపాటికి నెట్‌లో చూసే ఉంటాడు. ఈలోగా నడక, తీరిగ్గా సైకిల్ తొక్కడం, ఈదడం ఫరవాలేదు, చేస్తూ చేస్తూ ఆయాసం లేకుండా మాట్లాడగలిగినంత మేరకు. ఊపిరి బిగబట్టి బరువులెత్తడం, దండీలు, గుంజీలు వద్దు. ఆ బిగింపులో రక్తపోటు ఒక్కసారిగా ఎగదన్నుతుంది. జబ్బు లేదని తేలితే జట్టులోకి తిరిగి వెళ్తాడు. ఉందని తేలితే ఢీకొనే ఆటలు, పోటీ ఆటలు పోతాయి, చాలా ఆటలు మిగులుతాయి.

మీ కూతురి విషయానికి వస్తే, వంగే ఒళ్లు మార్ఫన్ మార్కుల్లో అసలు లేనే లేదు. కీళ్ల వదులు కొలిచే బైటన్ స్కోర్ వేరే ఉంది, 9కి. మీరు చెప్పినట్టు రెండు చిటికెన వేళ్లూ వెనక్కి నిలువుగా లేస్తే 2, రెండు బొటనవేళ్లూ ముంజేతికి ఆనితే 2, మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకు ఆనిస్తే 1. మొత్తం 5. ఇంకా ఈడు రాని పిల్లలకు 6 వస్తేనే లెక్కలోకి తీసుకుంటారు. చిన్న పిల్లల కీళ్లు సహజంగానే వదులు. పాపకు కీళ్లు తరచూ పక్కకు తొలగడం, చర్మం లాగితే బాగా సాగడం, చిన్న దెబ్బకే కమిలిపోవడం, మానిన గాయం మచ్చ వెడల్పుగా సిగరెట్ కాగితంలా ముడతలు పడడం ఉంటే అది ఎహ్లర్స్-డాన్లోస్ జాతి జబ్బుల వైపు చూడాల్సిన సంగతి. అవేవీ మీరు రాయలేదు. అన్నకు ఏమి తేలుతుందో చూసి, అవసరమైతే పాపకూ ఒక ఎకో చేయించవచ్చు.

పరీక్షలు అయ్యేలోపు మందుల విషయంలో ఒక జాగ్రత్త. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ ధమని గోడను దెబ్బతీసే అవకాశం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది, మార్ఫన్, ఎహ్లర్స్-డాన్లోస్ ఉన్నవాళ్ల పేర్లు ప్రత్యేకంగా చెప్పింది. విరేచనాలకు, మూత్రంలో మంటకు వీటిని తరచుగా రాస్తుంటారు. మీవారికి గానీ పిల్లాడికి గానీ ఎవరైనా ఇవి రాస్తే అనుమానం సంగతి చెప్పి వేరేది అడగండి. ముక్కు దిబ్బడకు వేసే సూడోఎఫెడ్రిన్ బిళ్లలూ వద్దు, అవి రక్తపోటు పెంచుతాయి.

ఇంట్లో ఎవరికైనా రొమ్ములో గానీ వీపులో గానీ ఒక్కసారిగా చీల్చినట్టు నొప్పి వస్తే గ్యాస్ అని, నడుము పట్టిందని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లగానే చెప్పాల్సిన మాట ఇది: "ఇంట్లో మార్ఫన్ అనుమానం ఉంది, 34 ఏళ్లకు ఒకరు పోయారు, బృహద్ధమని చీలిందేమో సీటీ యాంజియో తీయండి." ఈసీజీ బాగుందని ఇంటికి పంపబోతే ఒప్పుకోకండి. చీలికను గుండెపోటు అనుకుని గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణాంతకం, కాబట్టి ఆ మాట ఇంజెక్షన్ కంటే ముందు డాక్టరు చెవిన పడాలి. ఒక పక్క రొమ్ము నొప్పి, దాంతో ఆయాసం వస్తే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉండవచ్చు, అదీ అత్యవసరమే. కంట్లో మెరుపులు, నల్ల చుక్కల వాన, పక్క నుంచి తెర దిగినట్టు కనబడితే అదే రోజు కంటి డాక్టరును చూడాలి. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి మీ ఫోన్లో ఒక ఫొటో, మీవారి ఫోన్లో ఒకటి, తోటికోడలి ఫోన్లో ఒకటి ఉంచండి.